నవల నుంచి వచ్చిన పిల్లల ఫాంటసీ సినిమా గురించి ఎలా మాట్లాడుకోవాలి

నవల ఆధారంగా తీసిన పిల్లల ఫాంటసీ సినిమా చూసి లేచాక మొదలయ్యే సంభాషణ చాలాసార్లు రెండు మాటలకే ముగిసిపోతుంది. పుస్తకం చదివినవారు "నవలంత బాగా లేదు" అని పెదవి విరుస్తారు. చదవనివారు "గ్రాఫిక్స్ అదిరిపోయాయి" అని లేచిపోతారు. రెండు మాటల్లోనూ అబద్ధం లేదు, కానీ వాటి తరువాత మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. మాట ముందుకు సాగాలంటే తీర్పును పక్కనపెట్టి ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి: నవల వాక్యంతో సాధించిన పనిని సినిమా దేనితో సాధించింది? ప్రతి మార్పునూ ఎవరో ఒకరు ఏదో ఒక ఇబ్బంది నుంచి గట్టెక్కడానికి తీసుకున్న నిర్ణయంగా చూసి, ఆ ఇబ్బంది ఏమిటి, ఆ నిర్ణయం వల్ల కథకు ఏం దక్కింది, ఏం పోయింది అని అడుగుతూ పోవడమే నేను చెప్పబోయే పద్ధతి. దీనికి సినిమా శాస్త్రం తెలియనక్కరలేదు. ఒక సన్నివేశాన్ని రెండోసారి చూసే ఓపిక, ఒక అధ్యాయాన్ని మళ్లీ చదివే ఓపిక ఉంటే చాలు.

మాట మొదలుపెట్టే ముందు

కూర్చున్నవారిలో ఎవరెవరు ఉన్నారో ముందు చూసుకోవాలి. నవల మొత్తం చదివినవారు, సగంలో వదిలేసినవారు, చదవడం ఇంకా రాని చిన్నపిల్లలు ఒకేచోట చేరినప్పుడు, చదివినవారి చేతిలోకి వారికి తెలియకుండానే బెత్తం వచ్చేస్తుంది. నేనూ చాలాకాలం ఆ బెత్తం పట్టుకున్న మనిషినే. ఒకసారి ఎనిమిదేళ్ల పాప తాను చూసిన సినిమా కథను ఊపిరి తీసుకోకుండా చెబుతూ ఉంటే, "పుస్తకంలో అలా ఉండదు" అని మూడుసార్లు అడ్డుపడ్డాను. నాలుగోసారి నేను నోరు తెరవగానే ఆ పాప కథ ఆపేసి, "అయితే మీరే చెప్పండి" అని ఆడుకోవడానికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి, చదివినవారు మొదటి పావుగంట నోరు మెదపకూడదన్న నియమం పెట్టుకున్నాను.

ఆ పావుగంటలో సినిమా కథను పుస్తకం చదవనివారి చేతనే చెప్పించండి. చెప్పేవారు ఎక్కడ ఆగుతున్నారో, ఏ సంఘటనను రెండుసార్లు చెబుతున్నారో, ఏ కారణాన్ని దాటవేస్తున్నారో మనసులో గుర్తు పెట్టుకోండి. రాక్షసితో జరిగిన పోరాటాన్ని చేతులు తిప్పుతూ వర్ణించిన పిల్లవాడు, కథానాయిక అసలు ఇల్లు వదిలి ఎందుకు బయలుదేరిందో చెప్పలేకపోతే, ఆ కారణాన్ని ప్రేక్షకుడి మనసులో నాటడానికి సినిమా సరైన చోటు కేటాయించలేదేమోనని అనుమానించవచ్చు. అది అనుమానం మాత్రమే కాబట్టి ఆ సన్నివేశాన్ని మళ్లీ పెట్టి చూసుకోవాలి. ఎన్నో మంచి చర్చలు ఇలా కథ చెప్పడంలో జారిపోయిన ముక్క దగ్గరే మొదలయ్యాయని నా అనుభవం.

తరువాత ఒక్క సన్నివేశాన్ని ఎంచుకోండి. సినిమా మొత్తాన్నీ నవల మొత్తంతో పోల్చబోతే "అది లేదు, ఇది లేదు" అనే జాబితా తప్ప మరేమీ తేలదు. చిన్న నవలనైనా గట్టిగా చదివి వినిపించడానికి గంటలు పడుతుంది, సినిమాకు దొరికేది రెండు గంటలు; కాబట్టి ఏదో ఒకటి పోక తప్పదు. పోయినవాటిని లెక్కపెట్టడం ఎవరైనా చేయగలరు. అవి పోయినందువల్ల మిగిలినవాటి అర్థం ఎక్కడ మారిందో పట్టుకోవడమే అసలు పని.

ఒక ఉదాహరణ, కాస్త దగ్గరగా

ఎల్. ఫ్రాంక్ బామ్ 1900లో రాసిన ఓజ్ మాంత్రికుడి నవలను, 1939లో ఎం.జి.ఎం. సంస్థ తీసిన "ద విజర్డ్ ఆఫ్ ఓజ్" సినిమాను తీసుకుందాం. ఈ పద్ధతిని సాధన చేయడానికి ఇంతకంటే అనువైన జంట నాకు కనిపించలేదు. నవల చిన్నది, సినిమా నిడివి సుమారు 100 నిమిషాలే, పైగా రెండింటిలోనూ కథ దాదాపు ఒకటే: సుడిగాలికి ఎగిరి ఓజ్ అనే మాయలోకంలో పడ్డ డొరోతీ అనే పిల్ల, ఇంటికి తిరిగి వెళ్లే దారి వెతుక్కుంటుంది.

నవల మొదటి పుటల్లో డొరోతీ ఇల్లున్న కాన్సస్ మైదానమంతా బూడిదరంగే. నేల, గడ్డి, ఇంటి గోడలు, చివరికి డొరోతీ పిన్ని కళ్లూ బుగ్గలూ కూడా ఎండకూ గాలికీ బూడిదరంగుకు తిరిగిపోయాయని రచయిత అదే మాటను పదేపదే వాడి చెబుతాడు. మాటను తిరగవేయడం రచయితకు సాధ్యం. తెర మీద అదే పని ఎలా చేయాలి? కాన్సస్ భాగాన్ని సేపియా అనే గోధుమ ఛాయలో, ఓజ్ లోకాన్ని నిండు రంగుల టెక్నికలర్‌లో చూపడం సినిమా కనిపెట్టిన జవాబు. డొరోతీ ఇంటి తలుపు తెరిచే ఆ క్షణాన్ని పిల్లలతో కలిసి నెమ్మదిగా మళ్లీ చూడండి. రంగు మారడం ఒకే షాట్‌లో, మన కళ్ల ముందే జరుగుతుంది. అందుకోసం ఇంటి లోపలి సెట్టుకు గోధుమ ఛాయలు పూశారు. అదే ఛాయ దుస్తులు వేసుకున్న మరో అమ్మాయి వెనక్కి తిరిగి నిలబడి తలుపు తీస్తుంది. కెమెరా ముందుకు సాగాక నీలి గళ్ల గౌనులో, డొరోతీగా నటించిన జూడీ గార్లండ్ ఫ్రేములోకి వస్తుంది. ఈ సంగతి చెప్పాక పిల్లలు ఆ షాట్‌ను కనీసం నాలుగుసార్లు వెనక్కి తిప్పించి చూస్తారు, చూడనివ్వండి. చర్చకు అది ఆటంకం కాదు, అదే చర్చ. (రంగు ఆలోచన పూర్తిగా సినిమాదే అనుకోవడానికీ లేదు. నవల తొలి ముద్రణలో డబ్ల్యూ. డబ్ల్యూ. డెన్స్‌లో వేసిన బొమ్మల రంగు కథ జరిగే చోటును బట్టి మారుతూ ఉంటుంది.)

ఇప్పుడు ప్రశ్నను తిప్పి వేయండి: ఈ రంగుల కోసం సినిమా నవలలోని దేన్ని వదులుకుంది? డొరోతీ వేసుకునే మాయజోళ్లు నవలలో వెండివి. టెక్నికలర్‌లో పసుపు ఇటుకల దారి మీద మెరవాలి కాబట్టి అవి కెంపుల జోళ్లయ్యాయి. ఈ మార్పు వల్ల కథకు నష్టమేమీ లేదని నా అభిప్రాయం. ఓజ్ మాంత్రికుడు ఏలే మరకత నగరం సంగతి అలా కాదు. నవలలో ఆ నగరంలోకి అడుగుపెట్టేవారందరికీ ద్వారపాలకుడు ఆకుపచ్చ కళ్లజోళ్లు తగిలించి తాళం వేస్తాడు. నగరం అంత పచ్చగా కనిపించడానికి సగం కారణం ఆ కళ్లజోళ్లే. అంటే ఆ మాంత్రికుడు ఒక మనిషిని మోసగించినవాడు మాత్రమే కాదు, నగరం నగరం చేతా కళ్లజోళ్లు పెట్టించిన ఘనుడు. సినిమాలో కళ్లజోళ్లు లేవు, నగరం నిజంగానే పచ్చగా ఉంటుంది. తెర నిండా పచ్చని నగరాన్ని చూపే అవకాశం వచ్చినప్పుడు "ఇదంతా కళ్లజోడు మహిమే" అని చెప్పడం ఏ నిర్మాతకైనా కష్టమే. అయితే దాంతోపాటు నవలలోని వెటకారం చాలామటుకు జారిపోయింది. మార్పు ఎందుకు జరిగిందో అర్థం చేసుకుంటూనే, పోయినదానికి విచారించవచ్చు. ఈ రెండూ ఒకే నోటితో చెప్పగలిగిన రోజున చర్చ ఒక మెట్టు ఎక్కినట్టే.

మాయకు ఉన్న నియమాలు

ఫాంటసీ కథలో ఏదైనా జరగవచ్చని అనుకునేవారు పిల్లలతో ఎక్కువసేపు మాట్లాడి ఉండరు. ఎగిరే చీపురు ఎందుకు ఎగురుతుందని ఏ పిల్లా అడగదు; నిన్న ఎగిరిన చీపురు ఇవాళ ఎందుకు ఎగరలేదని మాత్రం తప్పకుండా నిలదీస్తుంది. కాబట్టి సినిమాలోని మాయ గురించి మూడు విషయాలు అడిగి చూడండి: అది ఎవరి చేతిలో పనిచేస్తుంది, దేనికి లొంగదు, దాన్ని వాడినవారు ఏం కోల్పోతారు. చివరి గండం గట్టెక్కడం మనకు ముందే తెలిసిన నియమం వల్లనే జరిగిందా, అప్పటికప్పుడు ఊడిపడిన కొత్త శక్తి వల్లనా అన్నది ఈ జవాబుల్లోనే తేలుతుంది.

నవల ఇలాంటి నియమాన్ని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోగలదు. సినిమా పాత్రలను కుదించే తొందరలో ఆ వాక్యాన్ని పోగొట్టుకుంటే తెలియకుండానే చిల్లు పడుతుంది. ఓజ్ కథలోనే చూడండి. నవలలో డొరోతీకి మొదట ఎదురయ్యేది ఉత్తరదిక్కు మంచి మంత్రగత్తె. జోళ్లలో ఏదో మహిమ ఉందని తెలుసు గాని, అదేమిటో ఆమెకు తెలియదు. ఆ రహస్యం చివర్లో చెప్పేది దక్షిణదిక్కు మంత్రగత్తె గ్లిండా. ఇద్దరు మనుషులు కాబట్టి ఎక్కడా పేచీ లేదు. సినిమా ఆ ఇద్దరినీ కలిపి ఒక్క గ్లిండాను చేసింది. దాంతో మొదటి రోజునే జోళ్లు తొడిగించిన మనిషి, వాటితో ఇంటికి వెళ్లవచ్చని చివరిదాకా ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న లేచి కూర్చుంటుంది. ముందే చెబితే డొరోతీ నమ్మేది కాదు, తానే తెలుసుకోవాలి అని సినిమా జవాబిస్తుంది. ఈ జవాబు మీకు సరిపోయిందా అని పిల్లలను అడగండి. కొందరికి సరిపోతుంది, కొందరు గ్లిండా మీద నిజంగానే కోపం తెచ్చుకుంటారు. నేను రెండో పక్షం, అయితే ఆ మాట చివరికి గాని బయటపెట్టను.

కొత్తగా చేరిన మనిషి

నవలలో లేని పాత్ర తెర మీద కనిపించగానే "ఇతనెవరు?" అని చదివినవారు ఉలిక్కిపడతారు. చాలావరకు కారణం ఒకటే: నవల పాత్ర మనసులోకి నేరుగా వెళ్లగలదు, సినిమా వెళ్లలేదు. ఒంటరిగా ఉన్న పిల్ల ఏమనుకుంటోందో తెలియాలంటే ఆమె తనలో తాను మాట్లాడుకోవాలి, లేదా వెనక నుంచి ఒక గొంతు వ్యాఖ్యానం చెప్పాలి, లేదా ఆమెకు ఒక తోడు కావాలి.

నీల్ గైమన్ 2002లో రాసిన "కోరలైన్" నవలను హెన్రీ సెలిక్ 2009లో, బొమ్మలను కొద్దికొద్దిగా కదుపుతూ ఫొటోలు తీసే స్టాప్ మోషన్ పద్ధతిలో సినిమాగా తీసినప్పుడు మూడో దారి పట్టి, వైబీ అనే పొరుగింటి కుర్రవాణ్ణి సృష్టించారు. కోరలైన్ ఎప్పుడూ తనలో తాను మాట్లాడుకుంటూ తిరగకుండా ఉండటం కోసమే ఆ పాత్ర. ఇందులో వింతేమీ లేదు, సినిమాలో చాలాచోట్ల ఆ కుర్రవాడు చక్కగా అమరాడు కూడా. కానీ తెచ్చిన తోడుకు ఎక్కడో ఒకచోట పని ఇవ్వక తప్పదు. నవల చివర్లో, కోరలైన్‌ను తల్లి రూపంలో వశం చేసుకోబోయిన మాయావి తెగిపడిన చెయ్యి, ఆ మాయలోకపు తలుపు తాళంచెవి కోసం వెంటాడుతున్నప్పుడు, కోరలైన్ ఒక్కతే ఉపాయం పన్నుతుంది. పాడుబడిన బావి మీది పలకలు తీసి, దాని మీద కాగితపు గుడ్డ పరిచి, బొమ్మలను కూర్చోబెట్టి, ఆడుకుంటున్న పిల్లలా టీ విందు నటిస్తుంది. మధ్యలో పెట్టిన తాళంచెవి మీదికి చెయ్యి దూకుతుంది, కాగితంతో సహా బావిలోకి పడిపోతుంది. చిన్నపిల్లల ఆటే ఆయుధమైంది. సినిమాలో బావి దగ్గర పెనుగులాట జరుగుతుంది. వైబీ సైకిల్ మీద వచ్చి అడ్డుపడతాడు, చివరికి రాతితో ఆ చేతిని నుగ్గు చేస్తాడు. ఉత్కంఠ పెరిగింది, ఒప్పుకోవలసిందే. అయితే ఎవరి కథ ఇది, చివరి దెబ్బ ఎవరు కొట్టారు అని అడిగితే, ముఖ్యంగా ఆడపిల్లలు చెప్పే జవాబులు వినదగినవి.

కార్లో కొల్లోడీ 1883లో పుస్తకంగా తెచ్చిన పినోకియో కథలో మాట్లాడే కీచురాయి నాలుగో అధ్యాయంలోనే పినోకియో విసిరిన సుత్తి దెబ్బకు గోడకు అతుక్కుపోతుంది. డిస్నీ 1940లో తీసిన సినిమాలో అదే కీచురాయి టోపీ పెట్టుకుని, గొడుగు పట్టుకుని, బొమ్మకు అంతరాత్మగా చివరిదాకా వెంట నడుస్తుంది. బుద్ధి చెప్పేవాణ్ణి కొట్టి చంపే పిల్లవాడి కథకూ, బుద్ధి చెప్పేవాడు వదలకుండా వెంట ఉండే పిల్లవాడి కథకూ తేడా ఎంత ఉందో, ఈ ఒక్క వాస్తవం చెప్పి ఊరుకుంటే చాలు, వినేవారే అందుకుంటారు.

ముగింపు దగ్గర, భయం దగ్గర

ముగింపు గురించి మాట్లాడేటప్పుడు పెద్దలు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే పిల్లలు దేన్ని తట్టుకోగలరన్న విషయంలో మన అంచనాలు తరచుగా తప్పుతాయి. రోల్డ్ డాల్ 1983లో రాసిన "ద విచెస్" నవలలో మంత్రగత్తెలు ఒక అబ్బాయిని ఎలుకగా మారుస్తారు, చివరికి అతడు ఎలుకగానే మిగిలిపోతాడు. తాను ఇక తొమ్మిదేళ్లు మాత్రమే బతుకుతానని తెలిసినా అతడు బాధపడడు. ఎనభై ఆరేళ్ల తన అమ్మమ్మ పోయాక ఇంకొకరి దగ్గర బతకడం అతనికి ఇష్టం లేదు. 1990లో వచ్చిన సినిమా చివర్లో ఒక మంచి మంత్రగత్తె అతణ్ణి తిరిగి మనిషిని చేస్తుంది. ఆ ముగింపు రచయితకు నచ్చలేదు. 2020లో వచ్చిన రెండో సినిమా అబ్బాయిని ఎలుకగానే ఉంచింది.

ఒకే నవలకు రెండు ముగింపులు దొరకడం అరుదైన అవకాశం. ఏది "సుఖాంతం" అని అడగండి. పెద్దలు సాధారణంగా 1990 నాటి ముగింపు అంటారు. ఒకసారి పదేళ్ల అబ్బాయి ఒకడు, "మనిషైతే అమ్మమ్మ చచ్చిపోయాక ఒక్కడే ఉండాలి కదా, ఎలుకగా ఉంటే ఇద్దరూ ఒకేసారి అయిపోతారు" అని తాపీగా చెప్పాడు. గదిలోని పెద్దవాళ్లం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అతడు నవల చదవలేదు.

ఇటువంటి మాట వచ్చినప్పుడు దాన్ని సర్దిచెప్పబోకండి, మరో ప్రశ్న వేసి ఊరుకోండి. భయం గురించి కూడా అంతే. "నీకు భయం వేసిందా?" అని అడిగితే పరువు కోసం "లేదు" అనే జవాబే వస్తుంది, "నీ తమ్ముడికి చూపించాలంటే ఏ చోట కళ్లు మూయిస్తావు?" అని అడిగితే తన భయమంతా తమ్ముడి పేరు మీద పూసగుచ్చినట్టు చెబుతారు. చదివేటప్పుడు భయం పుట్టినచోట పుస్తకం మూసేయవచ్చు, నాలుగు పుటలు దాటవేయవచ్చు. సినిమాలో ఆ అదుపు దర్శకుడిది. ఈ తేడాను పెద్దపిల్లలతో నేరుగానే మాట్లాడవచ్చు.

సినిమా ఎక్కడ ఆగింది

కొన్ని సినిమాలు నవల చివరిదాకా వెళ్లవు. మిఖాయెల్ ఎండే 1979లో జర్మన్‌లో రాసిన "అంతులేని కథ" (ద నెవరెండింగ్ స్టోరీ) నవలను వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ 1984లో సినిమా తీసినప్పుడు, ఒక పుస్తకం చదువుతూ అందులోని మాయలోకంలోకి వెళ్లిపోయే బాస్టియన్ అనే కుర్రవాడు, ఆ లోకాన్ని ఏలే బాలరాణికి పేరు పెట్టే ఘట్టంతో దాదాపు ముగించారు. నవలలో అది సుమారు సగం మాత్రమే. రెండో సగంలో బాస్టియన్ ఆ లోకంలో కోరిన ప్రతి కోరికకూ తన జ్ఞాపకాల్లో ఒకటి చెల్లిస్తూ, చివరికి తనెవరో మరిచిపోయే దశకు వస్తాడు. సగం దగ్గర ఆగితే అది ఊహాశక్తి గెలిచిన కథ. చివరిదాకా సాగితే ఊహలో మునిగి తిరిగిరాలేకపోవడం గురించిన హెచ్చరిక కూడా. రచయిత సినిమా మీద కోపగించి తన పేరు తీసేయమన్నాడు. రచయిత అసంతృప్తిని చర్చలో ప్రస్తావించవచ్చు గాని, దాన్ని తుదితీర్పుగా వాడకండి. రాసినవారికి నచ్చని సినిమాలు పిల్లలకు నచ్చిన సందర్భాలు ఉన్నాయి, ఇదే అందుకు ఒక ఉదాహరణ.

ముఖాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. "నేను ఊహించుకున్న మనిషి ఇలా లేడు" అన్న ఫిర్యాదు ప్రతిసారీ వస్తుంది. నవలలో ఆ మనిషి గురించి రచయిత నిజంగా రాసినది ఎంతో వెతికి చదివితే, చాలాసార్లు ఒక ముక్కు, ఒక కోటు తప్ప మరేమీ దొరకదు. మిగిలినదంతా చదివినవారు లేదా బొమ్మలు వేసినవారు కల్పించుకున్నదే. డబ్బింగ్‌లో చూసినవారు, అనువాదంలో చదివినవారు పేర్లు, పద్యాలు, మాటల గారడీ విషయంలో దర్శకుణ్ణి తప్పుపట్టే ముందు మూలాన్ని ఒకసారి చూసుకోవడం మేలు.

మాటలు తిరిగి తిరిగి ఒకే చోటికి వస్తున్నాయని అనిపించినప్పుడు చర్చ ఆపేసి, ఎంచుకున్న సన్నివేశానికి సరిపోయే అధ్యాయాన్ని తీసి గట్టిగా చదవండి. కోరలైన్ బావి దగ్గరి ఘట్టం, డొరోతీకి కళ్లజోడు పెట్టే ఘట్టం ఇందుకు సరిగ్గా సరిపోతాయి. చదువుతున్నంతసేపూ సినిమా మాట ఎత్తకండి, మధ్యలో ఆపి "చూశారా" అనకండి. అధ్యాయం అయిపోయాక పుస్తకాన్ని అందరికీ అందేచోట, తెరిచిన పుట కనిపించేలా వదిలేసి లేవండి.